బందరు ఐసు

ప్రసన్నలక్ష్మి ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేయడం ఆమెకి రాని విద్య కాదు. ఆరోజు మాత్రం మింగలేదు. పైగా మైకులో అంది.

గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ ఫిజిక్స్ చెప్పే గిరీష్, ప్రసన్న యూనివర్సిటీలో ఒకే బ్యాచ్. ప్రసన్న ఇప్పుడు బెంగుళూరులో ఒక పరిశోధనా సంస్థలో పనిచేస్తోంది. కొత్తగా పుట్టిన నక్షత్రాల చుట్టూ గ్రహాలు ఎలా తయారవుతాయి, వాటిలో ఏది ప్రాణం నిలిచే లోకమవుతుంది, ఏది మొండి రాయిగా మిగిలిపోతుంది అన్నది అక్కడి రసాయనాలని బట్టి తేల్చడం ఆమె పని. సెలవు పెట్టి బందరు వచ్చిందని తెలిసి గిరీష్ ఫోన్ చేశాడు. “మా పిల్లలకి ఒక గంట మాట్లాడిపో. తెలుగులో చెప్పాలి సుమా!” అన్నాడు. సరేనంది.

ప్రిన్సిపాల్ దయానందం గారు మర్యాదస్థుడు. తన గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించి, “నాన్నగారేం చేస్తారమ్మా?” అని అడిగారు.

“బిజినెస్ అండీ,” అంది ప్రసన్న.

పూర్తిగా అబద్ధమని కూడా అనలేం. బందరు పక్కనే సముద్రపొడ్డునున్న గిలకలదిండిలో వాళ్ళ నాన్న తాతారావు వేరేవాళ్ళ బోటు మీద వేటకి వెళ్తాడు. అమ్మ కనకరత్నం పొద్దున్నే హార్బర్లో వేలంపాటకి వెళ్ళి చేపలు పాడుకుని, టబ్బుల్లో ఐసేసి సర్దుకుని, ట్రాలీ ఆటోలో గుడివాడ తెచ్చి అమ్ముతుంది. అదీ వ్యాపారమే కదా! ప్రసన్న టీ తాగుతున్న ఆ వేళకి, నాలుగు వీధుల అవతల చేపల బజార్లో కూర్చుని కనకరత్నం ఎవరి చేపకో పొలుసు గీకుతోంది. ఆ సంగతి గిరీష్‌కి కూడా తెలియదు. ఇన్నేళ్ళ స్నేహంలో ప్రసన్న ఎప్పుడూ చెప్పలేదు. తను గుడివాడ వస్తున్నట్టు తల్లికీ చెప్పలేదు. అవనిగడ్డలో స్నేహితురాలి ఇంటికని బయల్దేరింది. గుడివాడ అంటే, “మా బజారుకి రావే, అందరికీ చూపిస్తా” అంటుందని భయం.

స్లైడ్లు బాగా కనపడాలని హాల్లో లైట్లు తీసేశారు. ప్రసన్న మొదలుపెట్టింది. కొత్త నక్షత్రం చుట్టూ గ్యాసూ ధూళీ పళ్ళెంలా పరుచుకుని తిరుగుతుంటాయని, ఆ పళ్ళెంలోనే గ్రహాలు పురుడు పోసుకుంటాయని చెప్పింది. పళ్ళెం మధ్యలో వేడి, అంచుల్లో చలి. ఒక హద్దు దాటాక నీటి ఆవిరి ధూళి రేణువుల మీద ఐసై పేరుకుంటుంది. ఇంకా దూరం వెళ్తే కార్బన్ మోనాక్సైడ్ కూడా గడ్డకడుతుంది. హద్దుకి ఇవతల పుట్టిన గ్రహం చాలావరకు పొడి రాయి. నీళ్ళూ, ప్రాణానికి కావలసిన సరుకులూ అవతలే ఎక్కువ. ఐసు పట్టిన రాళ్ళు వాటిని ఇవతలకి మోసుకొస్తేనే ఆ పొడి గ్రహానికి మంచి రోజులు. మన భూమికీ కొంత సరుకు అలాగే వచ్చి ఉంటుందని అంచనా.

పిల్లలు మొదట బాగానే విన్నారు. గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడ్ మీదికి హైడ్రోజన్ పరమాణువులు ఒక్కొక్కటే వచ్చి అతుక్కుంటే ఫార్మాల్డిహైడ్ అవుతుందని, ఇంకొన్ని చేరితే మెథనాల్ అవుతుందని, అలా అలా చక్కెరల్లాంటివి కూడా పుట్టే దారి ఉందని చెప్పేసరికి వెనక బెంచీల్లో ఫోన్లు వెలిగాయి. ఒకడు నోరంతా తెరిచి ఆవలించాడు. ప్రసన్నకి మనసు చివుక్కుమంది. ఆ ఫార్మాల్డిహైడే ఆమె ప్రాణం. చిలీ ఎడారిలోని రేడియో టెలిస్కోపులు పంపిన సమాచారంలో దాని జాడ ఏ పళ్ళెంలో ఎక్కడుందో వెతుకుతూనే ఆమె వయసు సగం గడిచింది.

సరిగ్గా అప్పుడే ఆమెకి ఒక మంచి పోలిక తట్టింది. బందరు సముద్రంలోని చేప గుడివాడ వంటింటిదాకా ఎలా వస్తోంది? ఐసులో వస్తోంది. మా అమ్మ తెస్తోంది. సముద్రం లేని ఊరికి సముద్రంలోని సరుకుని చెడకుండా చేర్చేది ఆ ఐసే. ఈ నాలుగు ముక్కలూ చెబితే ఆవలించినవాడు కూడా లేచి కూర్చునేవాడు. కానీ అది చెప్పాలంటే ‘మా అమ్మ’ అనాలి. ఆ మాట దగ్గర నోరు మొరాయించింది. దాని బదులు ఇంకోటి ఊడిపడింది.

“ఫార్మాల్డిహైడ్ అంటే మరేదో కాదు. మీ జువాలజీ ల్యాబులో కప్పని ఉంచుతారే, ఆ ఫార్మాలిన్‌లో ఉండేదే. అంత దూరం ఎందుకు, బందరు చేపల ఐసులో కూడా ఉంటుంది లెండి. అందుకే ఆ చేప ఎన్నాళ్ళైనా నవనవలాడుతుంది! ఆదివారం మీరు తినేది అంతరిక్షపు ఐసే!”

హాలంతా గొల్లుమంది. ఈలలు వేశారు. దయానందం గారు కూడా భుజాలు కదిలేలా నవ్వారు. ప్రసన్న కూడా నవ్వింది. నిజం చెప్పుకోవాలంటే, వాళ్ళందరూ తనని తమలో కలుపుకుని నవ్వుతున్నందుకు ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది. తర్వాతి రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా కాల్చుకు తిన్నది ఆ హాయే.

తనూజ అనే స్టూడెంట్ ఆ ముక్కని వీడియో తీసింది. చీకట్లో మనిషి కనపడలేదు. తెర మీద పళ్ళెం బొమ్మ, వెనక ఒక ఆడగొంతు, ఆ వెంటనే నవ్వు, అంతే. మేడం భలే జోకేశారని సరదాపడి పెట్టిందా పిల్ల. దాన్ని ఎవరో మహానుభావుడు ముందూ వెనకా కోసేసి, ‘బందరు చేపల్లో ఫార్మాలిన్: మహిళా శాస్త్రవేత్త సంచలనం’ అని ఎర్రక్షరాలు తగిలించాడు. ఇక దానికి పట్టపగ్గాలు లేవు. అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో తిరిగింది, పూర్వ విద్యార్థుల గ్రూపుల్లో తిరిగింది, చివరికి భజన మండలి గ్రూపుని కూడా వదల్లేదు.

రెండు రోజులు తిరక్కుండానే కనకరత్నం నిండు టబ్బులతో ఇంటికొచ్చింది. ప్రసన్న అన్నం తింటోంది.

“అదేంటమ్మా, బేరాల్లేవా?”

“బేరాలా? నా తలకాయా! ఎవత్తో సైంటిస్టు మేడమంట. మనం ఐసులో మందు కలుపుతున్నామని చెప్పిందంట. ఒక్కళ్ళు దగ్గరికి రావట్లా. నువ్వు పుట్టకముందు నించి నా దగ్గర కొనే పంతులమ్మగారు కూడా మొహం తిప్పుకుని చెరువు చేప కొనుక్కెళ్ళింది.” కనకరత్నం గుమ్మంలో కూలబడింది. “దాని నోరు పడిపోను! మన నోటికాడ కూడు లాగేసిందే. ఏ తల్లి కన్నదో దాన్ని!”

ప్రసన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ‘నేనేనమ్మా’ అనాలి. ఒక్క మాట. కంచం పక్కన పెట్టి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

“తినవే, నువ్వెందుకు మానటం?” అంది కనకరత్నం. 

పక్కింటి రావమ్మ అవనిగడ్డలో అమ్ముతుంది. మర్నాడు ఆవిడా అలాగే తిరిగొచ్చింది. దివిసీమంతా ఇదే మాటగా ఉందని, వాళ్ళూ ఫోన్లో విన్నారటని చెప్పింది. గిలకలదిండిలో కుర్రాళ్ళు కూడా ఆ వీడియో చూసి బూతులు తిట్టారు. ఎప్పుడో హాస్టల్‌కి వెళ్ళిపోయిన పిల్ల గొంతు, అదీ మైకులో, వాళ్ళకేం గుర్తుంటుంది? కనకరత్నం మాత్రం ఆ వీడియో వినలేదు. ఆమె దగ్గరున్నది వీడియోలు రాని మామూలు ఫోనే.

ప్రసన్న ఊరుకోలేదు. గిరీష్‌కి ఫోన్ చేసింది. తనూజ ఏడ్చుకుంటూ వీడియో తీసేసింది, కానీ ఆ పాటికి దాని నకళ్ళు ఊళ్ళేలుతున్నాయి. తను మాట్లాడింది ఆకాశంలోని ఐసు గురించని, బందరు ఐసుని తనెప్పుడూ పరీక్షించలేదని ప్రసన్న పెద్ద పోస్టు రాసింది. కింద పేరు పెట్టడానికి మళ్ళీ చెయ్యి రాలేదు. ‘ఆ ప్రసంగం చేసిన వ్యక్తి’ అని పెట్టింది. పేరు లేని సంజాయిషీ ఎవడిక్కావాలి? దాన్ని గిరీష్ ఒక్కడే లైక్ చేశాడు.

“సరదాకన్నావు, దానికింత బాధెందుకు? ఎవరికేం నష్టమొచ్చిందని? నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు,” అన్నాడు ఫోన్లో. ఎవరికేం నష్టమొచ్చిందో ఇంటి ముందే కనపడుతోంది. అమ్ముడుపోని వంజరాలని కనకరత్నం నిలువునా చీల్చి, ఉప్పు పట్టించి, పరదా మీద ఎండబెడుతోంది. వంజరాన్ని ఉప్పుచేప చెయ్యడమంటే పట్టుచీర చింపి మసిగుడ్డ చేసుకోవడమే.  

ఆకాశంలో ఏ పళ్ళెంలోనో ప్రాణానికి తొలి మెట్టయిన పదార్థం. దాన్ని పట్టుకుని ఇంత ప్రేమగా ఇన్నేళ్ళు తిరిగి, ఆఖరికి తన తల్లి టబ్బులోకి విషంగా తెచ్చి పోసింది తనే. అందులో ఇంకెవరి తప్పూ లేదు, టెలిస్కోపుదీ కాదు, తనూజదీ కాదు.

ఆ సాయంత్రం కనకరత్నమే కదిపింది.

“ఒసే, నువ్వు చదివింది కూడా ఈ మందుల సంగతే కదంటే?”

“అలాంటిదేనమ్మా.”

“మరి ఆవిడ సైంటిస్టయితే నువ్వు కాదా? రేపు నాతో గుడివాడ రా. ఆవిడ కూసింది తప్పని నలుగురిలో చెప్పు. ఇన్నేళ్ళు చదివావు, ఒక్క పూట నాకోసం మాట్లాడలేవా?”

“వస్తానమ్మా,” అంది ప్రసన్న. దారిలో చెప్పేయాలని గట్టిగా అనుకుంది.

పొద్దున ట్రాలీ ఆటోలో టబ్బుల మధ్య తల్లీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. ఐసు కరిగి కాళ్ళ కిందికి నీళ్ళు కారుతున్నాయి. పెడన దాటాక ప్రసన్న గొంతు సవరించుకుంది. అంతలో కనకరత్నమే అడిగింది. “అవునుగానీ, నువ్వక్కడ చేసేదేంటో నాకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఎవరన్నా అడిగితే ఆకాశం సంగతులని చెప్తున్నా. ఆకాశంలో ఏంటే?”

ప్రసన్న చెప్పింది. కాలేజీలో మింగేసిన పోలిక ఇక్కడ ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. “నువ్వు సముద్రం దగ్గర దొరికేది ఐసులో పెట్టి గుడివాడ తీసుకెళ్తున్నావు కదా. అక్కడ కూడా అంతేనమ్మా. చలిగా ఉన్నచోట ఐసులో మంచి సరుకంతా చేరుతుంది. ఐసు రాళ్ళు దాన్ని మోసుకొచ్చి, ఏమీ లేని గ్రహం మీద దింపుతాయి. అవి రాకపోతే ఆ గ్రహం మీద చెట్టూ పుట్టదు, చేపా పుట్టదు. ఏ గ్రహానికి ఎంత ముట్టిందో చూడటమే నా పని.”

కనకరత్నం కాసేపు ఆలోచించింది. తర్వాత పకపకా నవ్వింది. “అయితే నా పనే చేస్తున్నాయన్నమాట ఆ రాళ్ళు! ఒరేయ్ అబ్బాయ్, విన్నావా?” అని ఆటోవాడిని కేకేసి, వాడికి మొత్తం మళ్ళీ చెప్పింది. వాడికి అర్థమైందో లేదోగానీ, “గొప్పేనమ్మా!” అన్నాడు. ఈ గొడవ మొదలయ్యాక అమ్మ నవ్వడం ఇదే. ఇప్పుడు చెబితే ఆ నవ్వు ఆరిపోతుంది. గుడ్లవల్లేరు దాటాక చెబుదామనుకుంది ప్రసన్న. గుడ్లవల్లేరు దాటాక, దిగింతర్వాత చెబుదామనుకుంది.

చేపల బజారు సందడిగానే ఉంది, కనకరత్నం కూర్చునే వైపు తప్ప. నేలంతా తడి. చెప్పులు జారకుండా ప్రసన్న ఒక పక్కగా, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడింది. చూసేవాళ్ళకి ఎవరో కొనడానికొచ్చినట్టే ఉంది. కనకరత్నం టబ్బు మీద గోనె తీసి, ఐసు పక్కకి తోసి, ఒక వంజరాన్ని పైకెత్తింది. అంతలో కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన వచ్చి ఆగాడు. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు. ఆదివారం వచ్చిందంటే కనకరత్నం దగ్గరే కొనేవాడు.

“ఏమ్మా, ఇవాళ కూడా మందేసే తెచ్చావా?”

“మందేంటి బాబుగారూ! ఎన్నాళ్ళనించి తింటున్నారు నా చేప?”

“నేనన్న మాట కాదులే. చదువుకున్నావిడ చెప్పింది. ఇదిగో నువ్వే విను,” అని ఫోన్ తీసి, నలుగురికీ వినపడేలా పెట్టాడు.

బజార్లో ప్రసన్న గొంతు ఖంగుమంది. ‘అందుకే ఆ చేప ఎన్నాళ్ళైనా నవనవలాడుతుంది!’ ఆ వెనకే హాలంతా నవ్విన నవ్వు. అందులో అందరికంటే మైకుకి దగ్గరగా ప్రసన్న నవ్వు.

కనకరత్నం చేతిలో వంజరం అలాగే ఉండిపోయింది. తలెత్తి కూతురి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తను పొరపాటుగా విందేమో, కాదని చెప్పమని అడుగుతున్నట్టు చూసింది. ప్రసన్న తల దించుకుంది. ఇక తల్లికి వేరే చెప్పక్కర్లేకపోయింది.

“ఆ గొంతు నాదేనండీ,” అంది ప్రసన్న. అందరూ ఇటు తిరిగారు. “నేనే అన్నాను. పిల్లల్ని నవ్వించడానికి అన్నాను. నేను చదివేది ఆకాశంలో ఉండే ఐసు గురించి. ఈ ఐసుని నేను ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదు. బందరు చేపల మీద నేనన్నది పచ్చి అబద్ధం.” ఇక ఆగలేకపోయింది. కనకరత్నం వైపు తిరిగి, “నన్ను క్షమించమ్మా,” అని ఏడ్చేసింది.

పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “అమ్మా? ఈవిడ మీ అమ్మా?” అన్నాడు. “అదీ సంగతి! చేపలమ్మే ఇంటి పిల్లన్నమాట. ఇంట్లో జరిగేది చూసింది, కాలేజీలో నోరు జారింది. ఇప్పుడు అమ్మ బేరం పోతోందని మాట మారుస్తోంది. సొంత కూతురు చెప్పాక ఇంకేం సాక్ష్యం కావాలండీ?”

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ప్రసన్న మాట విని కానాగంత చేపలు ఏరుకోవడం మొదలుపెట్టిన ఒకావిడ ఏరినవన్నీ మళ్ళీ టబ్బులో పడేసింది.  ప్రసన్న పరిశోధన పత్రాలని చీల్చి చెండాడేవాళ్ళు కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. తప్పు ఒప్పుకుంటే తీరుతుందనుకుంది. ఒప్పుకున్న కొద్దీ అమ్మ మెడకే చుట్టుకుంటోంది.

కనకరత్నం వంజరాన్ని మెల్లగా ఐసు మీద పెట్టింది. చేతులు చెంగుకి తుడుచుకుంది. తర్వాత పెద్దగా నవ్వింది.

“భలేవారే బాబుగారూ! అమ్మా అంటే కన్నతల్లేనా? ఇప్పుడు మీరు పిలవలా నన్ను ఏమ్మా అని? మీరేమన్నా నా కడుపున పుట్టారా?”

చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కుమన్నారు. పెద్దమనిషి కూడా ఇబ్బందిగా నవ్వాడు.

“మా అమ్మాయి బెంగుళూర్లో ఉంటది. మీకు చెప్తానే ఉంటా కదా. ఈ మేడం గారెవరో నాకేం తెలుసు? ఇవాళే చూట్టం,” అంది కనకరత్నం. అని, కూతురి వైపు తిరిగింది. “చూడండి మేడం గారూ. మీరు నవ్వుకోటానికన్నారు. నాకు పూట గడవట్లేదండీ. ఊరికే క్షమించమంటే నాకేం ఒరుగుద్ది? మా చేప మంచిదని మీకు తెలిస్తే కొనుక్కెళ్ళి తినండి. అన్న మనిషే తింటే ఇంకెవరికీ అనుమానం ఉండదు.”

‘కాదు, ఈవిడ మా అమ్మే’ అని గట్టిగా అరవాలనిపించింది ప్రసన్నకి. జన్మలో మొదటిసారి అలా అనిపించింది. ఇప్పుడు అరిస్తే ఆ టబ్బులు మళ్ళీ నిండుగానే ఇంటికెళ్తాయి. కళ్ళు తుడుచుకుంది.

“వంజరం ఎంతండీ?” అంది.

కనకరత్నం ధర చెప్పింది. అందరికీ చెప్పే ధరే చెప్పింది, నయాపైసా తగ్గించలేదు. మొప్పలెత్తి చూపించింది. తూకం వేసి, కత్తిపీట ముందుకి లాక్కుని, “ముక్కలు ఎలా కొట్టమంటారండీ? తోక కావాలా, వద్దా?” అని అడిగింది. తోక ముక్క కోసం కూతురు చిన్నప్పుడు ఎంత పేచీ పెట్టేదో తెలిసిన మనిషి, కొనేవాళ్ళందరినీ అడిగినట్టే అడిగింది.

“కావాలండీ,” అంది ప్రసన్న.

సంచీ చేతికిచ్చి డబ్బు తీసుకుంది. పెద్దమనిషి గొంతు సవరించుకుని, “మేడమే తింటున్నారంటే సరే, నాకూ ఓ కిలో కొట్టు,” అన్నాడు. కానాగంతలావిడ మళ్ళీ వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. ఎవరో చందువ చేపలు ఎలాగని అడిగారు. చూస్తుండగానే కనకరత్నం చుట్టూ జనం మూగారు.

ప్రసన్న అక్కడే నిలబడింది. ‘నాకేం తెలుసు, ఇవాళే చూట్టం’ అన్న మాట బేరం కోసం అన్నదో, మనసులోంచే వచ్చిందో ఆమెకి తెలియాలి. అమ్మ ఒక్కసారి తలెత్తితే చాలు. కనకరత్నం తలెత్తలేదు. పొలుసు గీకుతూ గీకుతూ మోచేత్తో కళ్ళు అద్దుకుంది. పొలుసు ఎగిరి పడిందనుకుని, “చూసుకోమ్మా, కంట్లో పడుద్ది,” అంది కానాగంతలావిడ.

“జరగండి మేడం గారూ, వెనకాల జనం ఉన్నారు,” అంది కనకరత్నం, చేప మీంచి చూపు తిప్పకుండా.

“సరేనమ్మా,” అంది ప్రసన్న.

ఆ పిలుపుకి బజార్లో ఎవరూ ఇటు తిరిగి చూడలేదు.